చెవి చేయు హెచ్చరిక

వినాయక నిమజ్జనోత్సవమునకు వెడలిన యువకులు మఱునాఁడు తమ చెవులు దిమ్మెక్కినవనియు, ఎదుటివారి మాట దూరమునుండి వచ్చునట్లున్నదనియు చెప్పుకొని నవ్వుట మన పట్టణములలో ఏటేట వినుచున్నదే. ఒకటి రెండు దినములలో వినికిడి మరలివచ్చును. వచ్చినది గదా యని ఆ సంగతి మఱచిపోవుదురు. ఈ మఱపే ప్రమాదము.

లోచెవియందు నత్తగుల్లవంటి యంగ మొకటి కలదు. అందలి సూక్ష్మరోమకణములు శబ్దమును నాడీసందేశముగా మార్చును. గంటలకొలఁది పెనురొదకు లోనైనచో నవి సోలిపోవును. విశ్రాంతి దొరకిన కోలుకొనును. ఇదియే తాత్కాలిక బధిరత్వము. పలుమారు సోలినవి తుదకు నశించును. మానవులకు నశించిన రోమకణము మరల మొలవదు. వినికిడి పూర్తిగా మరలినట్లు తోఁచినను, లోపలి నాడీసంధులు కొన్ని శాశ్వతముగా చెడవచ్చునని 2009లో అమెరికా శాస్త్రజ్ఞులు చిట్టెలుకలపై పరీక్షించి చూపిరి.

85 డెసిబెళ్ల రొదను దినమునకు 8 గంటలకు మించి సహింపరాదనియు, 3 డెసిబెళ్లు హెచ్చినకొలఁది ఆ కాలము సగమగుననియు నిపుణుల మతము. ఆ లెక్కను 100 డెసిబెళ్లకు 15 నిమిషములే గడువు. మన ఊరేగింపులు గంటలతరబడి సాగుచున్నవి!

ఏడాదికొకనాఁటి వేడుకకు ఇంత రాద్ధాంతమేల యని కొంద ఱందురు. వేడుక చూచువానికి ఒకనాఁడే. డీజే బండి ప్రక్కన కూలికి నడచు బాలునికో? నేఁడు ఉత్సవము, రేపు పెండ్లి, ఎల్లుండి రాజకీయసభ. వాని చెవికి విశ్రాంతి యెన్నఁడు?

చట్టము లేకపోలేదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమములు నివాసస్థలములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితిగా నేర్పఱచినవి. రాత్రి 10 మొదలు ఉదయము 6 వఱకు బయట లౌడుస్పీకర్లు నిషిద్ధములు. పండుగలకు ప్రభుత్వము ఏడాదికి 15 దినములు మించకుండ అర్ధరాత్రి వఱకు మాత్రమే సడలింపవచ్చును. వాక్స్వాతంత్ర్యమనఁగా ఇష్టములేనివానిచేత బలవంతముగ వినిపించు హక్కు కాదని సుప్రీముకోర్టు 2005లో తీర్పుచెప్పెను. కొఱఁతయైనది చట్టము కాదు, మన నిగ్రహము.

1893 మొదలు లోకమాన్య తిలకుగారు ఈ యుత్సవమును సార్వజనికము గావించినది జనులను ఒకచోటఁ జేర్చి, ఒకరి మాట నొకరు వినునట్లు చేయుటకు. మాట వినఁబడని గుంపును సభ యందుమా? ఉత్సవసంఘములవారు రొద తగ్గింపవలయును, గడువు దాఁటనీయరాదు, పసిబిడ్డలను, కూలిబాలురను పెట్టెలకు దూరముగ నుంచవలయును. చెవి దిమ్మెక్కినవారు దానికి నిశ్శబ్ద మొసఁగవలయును. రెండు దినములలో కుదురనిచో వైద్యుని జూడవలయును. స్వరాజ్యము సంపాదించుకొన్న జాతికి పొరుగువాని చెవిని గౌరవించుట భారము కారాదు.