"ఆ మాత్రం" చాలదు!

"పిల్లల పుస్తకమే కదండీ, ఆ మాత్రం చాలు" అన్నారు ప్రెస్సులో. నేనూ తలూపాను. తీరా అచ్చయ్యాక చూస్తే, నెలరోజులు కూర్చుని వేసిన నెమలి ఈకల్లో ఒక్క గీతా తేటగా లేదు. "అమ్మమ్మా, నెమలికి కన్నేదీ?" అంది మనవరాలు.

తప్పు నాదీ ఉంది. బొమ్మని ఫోనులో ఫొటో తీసి మెసేజ్‌లో పంపేశాను. అలా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది. మంచి అచ్చుకి అంగుళానికి 300 చుక్కలుండాలి. అంటే 8 అంగుళాల బొమ్మకి అడ్డంగా 2400. తర్వాత ఎంత సాగదీసినా పోయిన గీత తిరిగిరాదు.

అందుకే బొమ్మలు వేసే అక్కచెల్లెళ్ళూ, పేజీ కొలత ముందే అడగండి. అసలు బొమ్మనే స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. ఒక పేజీ అచ్చుతీయించి చూశాకే సరేననండి. చదవడం రాని పసివాళ్ళకి బొమ్మే కదా కథ!