నేలని అడగకుండా కంప్యూటర్‌ని అడిగితే ఎట్లా?

ఇది నా అభిప్రాయం. తప్పుంటే క్షమించండి, కానీ చివరిదాకా చదవండి.

ఈసారి బడి తెరిచేసరికి స్నానాల గదుల వెనక సున్నంతో గుండ్రంగా గీత ఉంది. అక్కడ కొత్త ఇంకుడు గుంత తవ్వుతారట. బట్టలుతికిన నీళ్ళు, స్నానం నీళ్ళు అన్నీ అందులోకే. మనం తాగే బోరింగు అక్కడికి నా అడుగులతో ఇరవై రెండే. పైగా బోరింగు గచ్చు పగిలి ఉంది. గీత గీసిన సారుని అడిగాను. "ఇది బంకమట్టి, నీళ్ళు మెల్లగా దిగుతాయి, బోరింగు దాకా పోవు, కంప్యూటర్‌లో లెక్క వేసినా ఇదే వస్తుంది" అన్నారు.

ఆ లెక్క ఎట్లుంటుందో మన సైన్స్ టీచర్ గారు కంప్యూటర్ గదిలో చూపించారు. హైడ్రస్ అనే ప్రోగ్రాం. నేలని సన్నని పొరలుగా చేసి, ఏ పొరలో ఎంత తడి ఉంది, కింది పొరకి ఎంత దిగింది అని కొంచెం కొంచెం సేపటికి లెక్క కడుతూ పోతుంది. దీనికి మొదలు 1856లో పడిందట. ఫ్రాన్సులో డార్సీ అనే ఇంజనీరు గొట్టంలో ఇసుక నింపి, నీళ్ళు పోసి కొలిచాడు. సగం తడి సగం పొడి మట్టికి 1931లో అమెరికాలో రిచర్డ్స్ గారు సూత్రం రాశారు. సూత్రం నాకు అర్థం కాలేదు. పొరల బొమ్మ అర్థమైంది.

మట్టి పేరు చెబితే అంకెలు అదే వేసుకుంటుంది. తడితో నిండిన ఇసుకలో నీళ్ళు రోజుకి 712.8 సెంటీమీటర్లు, బంకమట్టిలో 4.8. టీచర్ గారు బంకమట్టి అని నొక్కారు. నీలం రంగు కదిలీ కదలనట్టే ఉంది. అంటే సారు చెప్పింది అబద్ధం కాదు.

కానీ మన నల్లరేగడి ఎండకాలంలో నెర్రెలు బాస్తుంది కదా! నా చెయ్యి మోచేతి దాకా దిగింది. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు, మా బాపు సంతకం కూడా పెట్టలేడు. అయినా ఏటా చెప్తాడు, "ముందుగాల పడ్డ వాన నెర్రెలే తాగుతయి, అది చూసి పత్తి గింజ పెట్టద్దు" అని. పోయిన జూన్‌లో నేనూ నా దోస్తూ ఆ గీత ఉన్న చోటే నెర్రెలో ఒక బకెట్టు పోశాం. ఇరవై లెక్కపెట్టేలోపు నీళ్ళు లేవు. ఆగస్టులో మళ్ళీ పోస్తే సాయంత్రం దాకా నిలిచాయి. అదే చోటు, అదే మట్టి.

నెర్రెలున్న నేలకి ఆ ప్రోగ్రాంలోనే వేరే లెక్క ఉందని టీచర్ గారు అన్నారు. అయితే నీళ్ళు ఎంత తొందరగా దిగుతున్నాయో ఎవరో ఒకరు కొలిచి చెప్పాలి కదా. కంప్యూటర్ వచ్చి మన గుంతలో చెయ్యి పెట్టదు. పోయిన వానాకాలం మొదట్లో చాలామందికి విరేచనాలు అయ్యాయి. నీళ్ళ వల్లే అని నేను అనను, నాకు తెలియదు. కానీ గుంత తవ్వాక తెలిసి ఏం లాభం?

మేడం గారూ, వాన పడకముందే ఒకసారి కొలవనివ్వండి. గీత దగ్గర ఒకటి, వంటగది అవతల పల్లంలో ఒకటి, మోకాలు లోతు గుంతలు చాలు. పల్లం వైపు అయితే బోరింగు ఎగువకి ఉంటుంది, నాకు అదే మేలనిపిస్తోంది. బకెట్టు, గునపం నేను తెస్తాను. చేతి గడియారం ఉన్న అక్కలు ఆదివారం పొద్దున రండి.

— 9వ తరగతి విద్యార్థిని