ఫోటోలో గుట్ట కూడా వుండాలి

సెలవులు వచ్చాయంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల జనం గుట్టల దారి పట్టడం ఆనవాయితీ. మొక్కు వుంటే కొండగట్టు, వేములవాడ, ధర్మపురి వెళతారు. మొక్కు లేకున్నా నాంపల్లి గుట్టో, మానేరు కట్టో చూసి వస్తారు. పూర్వం జాతరలో స్టూడియో వాళ్ళు పరదా కట్టి తీసిన ఫోటో ఒక్కటే ఇంటికి వచ్చేది. దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించుకునేవారు. ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా వున్నది. ఒక్కరోజు యాత్రలోనే వందల ఫోటోలు పడుతున్నాయి. కాని వాటిని తిరగేసి చూస్తే చాలా వరకు తీసుకున్న వాళ్ళ ముఖాలే కనిపిస్తాయి. వెనుక వున్న గుట్ట, కోట, కోనేరు ఎక్కడో ఒక మూలకు పోతాయి.

ముచ్చటపడి ఫోటో దిగడం తప్పు కాదు. పిల్లలతో, పెద్దలతో కలిసి దిగిన ఫోటో ఏ ఇంటికైనా అపురూపమే. అయితే ఈ ప్రాంతంలో గుట్టలూ, కోటలూ, చివరకు ఊళ్ళకు ఊళ్ళే కళ్ళముందు మారిపోతున్నాయి. రేపు అవి ఎట్లా వుండేవని పిల్లలు అడిగితే చూపడానికి ఏదైనా మిగలాలి. ఆ పని చేయగల సాధనం చేతిలో వుండి కూడా చేయకపోవడం విచారకరం.

సిరిసిల్ల ప్రాంతాన్నే తీసుకుందాం. మిడ్ మానేరు జలాశయం కింద కొదురుపాక, చింతలఠాణా, సంకెపల్లి, అనుపురం, రుద్రవరం వంటి ఊళ్ళు మునిగాయి. 2016లో కట్టకు గండిపడి, తరువాత పని పూర్తయి, 2019లో జలాశయంలో భారీగా నీరు నిలిచింది. ఇప్పుడు ఆ నీటిని చూడడానికి జనం వస్తున్నారు. పొద్దు గూకే వేళ ఫోటోలు దిగుతున్నారు. ఆ నీటి అడుగున వాకిళ్ళు, గుళ్ళు, చావడులు, ముత్తాతలు తవ్విన బావులు వున్నాయి. పునరావాస కాలనీల్లో పుట్టిన పిల్లలకు సొంత ఊరు ఎట్లా వుండేదో చూపించేవి పెళ్ళి ఆల్బాముల్లో వెనుక పడిన గోడలు, వేపచెట్లే. ఊరంటూ విడిగా తీసిన ఫోటోలు వున్న ఇళ్ళు ఎన్నో ఆ గ్రామస్థులకే తెలుసు.

గోదావరి ఒడ్డున కోటిలింగాల సంగతి కూడా చెప్పుకోదగినదే. 1979 నుంచి కొన్నేళ్ళపాటు పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. ఇటుక గోడలు, శాతవాహనుల నాణేలు, వారికి ముందు ఏలిన గోబద, నారన, సమగోపుల నాణేలు అక్కడ దొరికాయి. తెలుగునేల చరిత్రను రెండువేల ఏళ్ళు వెనక్కి తీసుకుపోయిన ఊరది. ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీటి ముంపు ఆ ఊరిదాకా వచ్చింది. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 వరకు తవ్వి, కొన్ని కట్టడాలను పైకి తరలించి, దొరికిన వస్తువులకు మ్యూజియం కట్టారు. అంతటి ఏర్పాటు ప్రతి ముంపు ఊరికీ జరగదు. సర్కారు చేయలేని చోట కనీసం ఫోటో అయినా తీసి వుంచుకోవచ్చు.

నీటి ముప్పు లేని చోట రాతి పని ముప్పు వున్నది. కరీంనగర్ గ్రానైటుకు విదేశాల్లో గిరాకీ వుండడంతో నిన్నటి గుట్ట నేడు గుంతవుతున్నది. కరీంనగర్ నుంచి జగిత్యాల వచ్చే దారిలో గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట వున్నది. బండపై జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి రూపం చెక్కివున్నాయి. కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు సుమారు క్రీ.శ. 945లో వేయించిన శాసనం అక్కడే వున్నది. సంస్కృతం, కన్నడంతోపాటు తెలుగు కంద పద్యాలు అందులో వున్నాయి. నన్నయ భారతం కంటే దాదాపు నూరేళ్ళు ముందటి పద్యాలివి. అంతటి గుట్ట క్షేమం గురించి కూడా చరిత్రాభిమానులు ఆందోళన పడవలసి వచ్చింది. ఆ దారిలో రోజూ బస్సుల్లో పోయేవారిలో ఒక్కసారైనా దిగి చూసినవారు ఎందరు?

జగిత్యాల ఖిల్లాను 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టారని చెబుతారు. పైనుంచి చూస్తే నక్షత్రం ఆకారంలో వుంటుంది. చుట్టూ కందకం వున్నది. ఆ ఆకారం అందం కోసం వచ్చింది కాదు. ఫిరంగుల కాలంలో గోడ మూలలు బయటికి పొడుచుకు వస్తే ఒక మూల నుంచి పక్క గోడను కాపాడవచ్చు. శత్రువు దాగడానికి చోటు వుండదు. ఈ ముక్క రాసిన బోర్డు ద్వారం దగ్గర వుంటే వచ్చిన వాళ్ళు బురుజు మీద నిలబడి ఫోటో దిగి వెళ్ళిపోకుండా కందకం వంపును కూడా చూస్తారు. కోరుట్లలో రాతి స్తంభాల వరుసలతో అంతస్తులుగా కిందికి దిగే పాత మెట్లబావి వున్నది. సికింద్రాబాదులో చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసి 2022లో ప్రజలకు తెరిచారు. నేడు దానిని చూడడానికి దూరం నుంచి వస్తున్నారు. అక్కడ అయిన పని కోరుట్లలో కాకపోవడానికి కారణం కనిపించదు.

ఫోటోకు వున్న విలువ ఈ రాష్ట్రానికి కొత్త కాదు. ఆరవ నిజాం ఆస్థానంలో ఫోటోలు తీసి 1894లో రాజా బిరుదు పొందిన దీన్‌దయాళ్ చిత్రాల వల్లనే 1908 మూసీ వరదకు ముందటి హైదరాబాదు ఎట్లా వుండేదో నేటివాళ్ళు చూడగలుగుతున్నారు. ఆ రోజుల్లో పెద్ద పెట్టె కెమెరా, గాజు పలకలు, వాటిని మోసే మనుషులు కావలసివచ్చేది. నేడు బడిపిల్లవాడు కూడా ఆ పని చేయవచ్చు. కొద్దిపాటి శ్రద్ధ చాలు.

శాసనాన్ని మిట్టమధ్యాహ్నం తీస్తే అక్షరాలు కనిపించవు. పొద్దున గాని, సాయంత్రం గాని ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు తీస్తే గీతల్లో నీడ నిలిచి అక్షరం తేటగా వస్తుంది. కనిపించడం లేదని సున్నం పూయడం, చాక్‌పీసుతో దిద్దడం, నూనె రాయడం చేయరాదు. రాయి పాడవుతుంది, తప్పుగా దిద్దిన అక్షరం చదివేవారిని దారి తప్పిస్తుంది. రాయి పక్కన ఒక స్కేలు పెడితే కొలత తెలుస్తుంది. దగ్గరగా ఒకటి, పరిసరాలు కనిపించేట్టు దూరం నుంచి ఒకటి తీయాలి. ఊరు, చోటు, తేదీ రాసి పెట్టాలి. ఫోను పాడైతే ఫోటోలు కూడా పోతాయి కనుక ముఖ్యమైనవి కాగితం మీద అచ్చు వేయించి ఒక ప్రతి ఊరి బడికో, గ్రంథాలయానికో ఇస్తే పదికాలాలు నిలుస్తాయి. గర్భగుడిలో తీయవద్దంటే తీయరాదు. మరమగ్గం దగ్గర పనివారినైనా, రేవు దగ్గర ఆడవారినైనా అడగకుండా తీయడం మర్యాద కాదు.

ప్రాణం కంటే ఫోటో ఎక్కువ కాదని వేరే చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది చుట్టుపక్కల పల్లెలవారే. ఆ కొండ మలుపుల్లో బండి ఆపి రోడ్డు మధ్య నిలబడి ఫోటోలు దిగేవారు ఆ రోజును గుర్తుంచుకోవాలి. చూడదగినవి కొండ మీద వేరే వున్నాయి. గుడి చూసి తిరిగిపోయేవారు కొండలరాయుని కోటను, బొజ్జపోతన గుహలను కూడా చూడవచ్చు. జలాశయాల దగ్గర కట్ట మీది నుంచి చూసినంతసేపు భయం లేదు. ఫోటో కోసం లోతు తెలియని నీటిలోకి దిగడమే ప్రమాదం.

2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. 2017లో వారసత్వ కట్టడాల రక్షణకు రాష్ట్రంలో చట్టం కూడా వచ్చింది. చట్టం పుస్తకంలో వుంటే చాలదు. ఖిల్లా, మెట్లబావి, కోటిలింగాల, బొమ్మలమ్మ గుట్ట దగ్గర తెలుగులో చరిత్ర రాసిన బోర్డులు పెట్టించడం, కందకాల్లో చెత్త తీయించడం, గుట్టల దగ్గర క్వారీకి అనుమతి ఇచ్చేముందు బొమ్మలు, శాసనాలు వున్నాయేమో పరిశీలించడం, ఘాట్ మలుపుల్లో బండ్లు ఆగకుండా కాపలా పెట్టడం సంబంధిత శాఖల బాధ్యత. ముంపు కాలనీల ఇళ్ళల్లో మిగిలిన పాత ఫోటోలను సేకరించి, ప్రతులు తీసి, అసలువి తిరిగి ఇచ్చే పనిని జిల్లా గ్రంథాలయాలు చేపడితే గ్రామస్థులు సంతోషంగా సహకరిస్తారు. పాత ఊరిని చూసిన పెద్దవాళ్ళు ఉన్నప్పుడే ఈ పని జరగాలి. ఏ ఫోటోలో ఏ వాడ, ఏ గుడి, ఎవరి వాకిలి వుందో చెప్పగలిగేది వాళ్ళే.