రహీం సాబ్ చూపు మళ్లీ కావాలి

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో స్కోరు సమమైంది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్‌లు ఆపి కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించాడు. ఊరంతా గర్వపడింది. నాలుగేళ్లయినా తిరక్కముందే ఆ క్లబ్బు చేతులు మారి, ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా మార్చుకుంది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. క్లబ్బు వెళ్లిపోయాక ఈ నగరంలో ఏం మిగిలిందని చూసుకుంటే చేతికి తగిలేది ఏమీ లేదు. ఆ రాత్రి బరిలోకి దిగిన ఆటగాళ్లు గోవా, మణిపూర్, సిక్కిం, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర లాంటి రాష్ట్రాల నుంచి, విదేశాల నుంచి వచ్చినవాళ్లు. మన బస్తీల్లో ఆడి పెరిగిన కుర్రాడు వాళ్లలో ఒక్కడూ లేడు.

ఇందులో కోచ్ మనోలో మార్కెజ్ తప్పేమీ లేదు. దొరికినవాళ్లలో మంచివాళ్లను ఏరుకున్నాడు, కప్పు గెలిపించాడు. దొరికేవాళ్లలో మన పిల్లలు లేకపోవడమే మనం పట్టించుకోవలసిన సంగతి.

ఆటగాళ్ల ఎంపికను పెద్ద వేడుకగా జరుపుకునే దేశం అమెరికా. బంతిని చేత్తో పట్టుకుని దూసుకుపోయే వాళ్ల ఫుట్‌బాల్ లీగ్‌లో, జట్లు వంతులవారీగా ఆటగాళ్లను కోరుకునే డ్రాఫ్ట్ 1936లోనే మొదలైంది. కిందటి సీజన్లో అట్టడుగున నిలిచిన జట్టుకు ముందుగా కోరుకునే హక్కు ఇవ్వాలన్నది ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్ ఆలోచన. తొలి డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన పేరు జే బెర్‌వాంగర్. ఆయన ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2000లో 199వ పేరుగా పిలిచిన టామ్ బ్రేడీ ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. జాబితాలో వరుసను నమ్ముకుంటే మోసపోతామని ఈ రెండు పేర్లే చెబుతాయి. అయినా ఆ పద్ధతి తొమ్మిది దశాబ్దాలుగా నిలిచిందంటే, ఆ జాబితా వెనుక విశ్వవిద్యాలయాలు ఉండటమే కారణం. ఏటేటా వేల మంది కుర్రాళ్లను మ్యాచ్‌లు ఆడించి పంపేది అవే.

మన ఐఎస్‌ఎల్ కూడా 2014లో డ్రాఫ్ట్‌తోనే మొదలైంది. 2017 డ్రాఫ్ట్‌లో 205 మంది పేర్లు ఉన్నాయి. జంషెడ్‌పూర్ రూ.1.10 కోట్లకు తొలి పేరుగా అనస్ ఎడతోడికను తీసుకుంది. తర్వాత ఆ పద్ధతి పోయి, క్లబ్బులు నేరుగా ఒప్పందాలు చేసుకుంటున్నాయి. పద్ధతి ఏదైనా తెలుగు పిల్లల పరిస్థితి మారలేదు. మ్యాచ్‌లే లేని చోట పేర్లు ఎక్కడి నుంచి వస్తాయి?

ఒకప్పుడు ఈ నగరానికి డ్రాఫ్ట్ అవసరమే లేదు, సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నాడు కాబట్టి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, విద్యార్థిగా అక్కడి జట్టుకు ఆడి, బడిపంతులుగా బతుకు మొదలుపెట్టినవాడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నాడు. 1950 నుంచి 1954 దాకా ఆ జట్టు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం అందరూ ఈ గడ్డ మీద ఆడి ఎదిగినవాళ్లే.

వీళ్లలో బలరాం కథ ప్రతి క్రీడాధికారి తెలుసుకోవాలి. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రాడు. అతని ఆట రహీం కంట పడింది. నగరానికి వచ్చి శిక్షణ తీసుకోమంటే రావడానికి డబ్బుల్లేవన్నాడు. అప్పుడు అద్దె సైకిలుకు రహీం సాబే డబ్బులిచ్చాడని బలరాం పెద్దయ్యాక కూడా తలచుకునేవాడు. మన ఫుట్‌బాల్ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప ఎంపిక ఏదని అడిగితే, నా జవాబు ఆ సైకిలు అద్దే. ఆ కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో నిలిచాడు.

రహీం కనిపెట్టడంతో ఆగలేదు, దిద్దాడు కూడా. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పోటీలు పెట్టాడు. అలవాటు లేని కాలితోనే ఆడాలన్న పోటీలూ పెట్టాడు. జకార్తాలో భారత జట్టు కోచ్‌గా, డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైతే కుట్లతోనే అతన్ని ఫార్వర్డ్‌గా దింపాడు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్లో ఒక గోల్ జర్నైల్‌దే. మనిషిని ఏళ్ల తరబడి దగ్గరగా చూసినవాడికే అంత ధైర్యం ఉంటుంది. 1963 జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆయన వేసిన పునాది మీద నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ లాంటివాళ్లు వచ్చారు. అంతలోనే వాళ్లలో చాలామంది కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు. ఇక్కడ ఆ పునాదిని చూసుకునేవాళ్లు తగ్గిపోయారు.

ఇప్పుడు వీడియోలు, గణాంకాలు ఉన్నాయి కదా, ప్రతిభ ఎక్కడున్నా బయటపడుతుందని కొందరంటారు. వీడియో ఆడుతున్నవాడినే చూపిస్తుంది. బడిలో మైదానం లేక, పీఈటీ లేక, లీగ్ లేక బంతి ముట్టని పిల్లవాడు ఏ కెమెరాకూ అందడు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య పరుగు పందేల్లో ఉండగా ఆమె వేగాన్ని స్థానిక కోచ్ గమనించి ఫుట్‌బాల్‌కు మళ్లించాడు. 2022లో ఆమె క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడేదాకా వెళ్లింది. పక్కనుండి చూసే కన్ను ఉంటే ఈ రోజుల్లోనూ బలరాంలు దొరుకుతారు.

అందుకే రాష్ట్రానికి మరో ఫ్రాంచైజీ కావాలని అడగడం కన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. రహీం చదివిన ఉస్మానియాలోనే వ్యాయామ విద్యా కళాశాల ఉంది. రేపటి పీఈటీలు అక్కడే తయారవుతున్నారు. ప్రాంగణం దాటితే తార్నాక, సీతాఫల్‌మండి, రాంనగర్, ముషీరాబాద్. ఈ బస్తీల్లో ప్రభుత్వ బడులున్నాయి, ఆడాలన్న ఆశ ఉన్న పిల్లలున్నారు. కళాశాల విద్యార్థులకు శిక్షణలో భాగంగా ఒక్కొక్కరికి ఒక్కో బడిని అప్పగించాలి. సెలవురోజుల్లో విశ్వవిద్యాలయ మైదానాల్లో పన్నెండేళ్లలోపు అబ్బాయిలకు, అమ్మాయిలకు విడివిడిగా ఏడాది పొడవునా లీగ్ నడపాలి. ప్రతి మ్యాచ్‌లో ప్రతిభ కనిపించిన పిల్లల పేర్లు రాసి ఉంచాలి. బూట్లకు, బస్సు చార్జీలకు ప్రభుత్వం డబ్బివ్వాలి. ఖాళీగా ఉన్న పీఈటీ పోస్టులు నింపాలి. కొత్త స్టేడియం కట్టడంతో పోలిస్తే వీటికయ్యే ఖర్చు ఎంతో తక్కువ.

క్లబ్బు యజమానులు రేపు మళ్లీ వస్తారు, లాభం లేకపోతే మళ్లీ వెళ్లిపోతారు. వాళ్లను ఆపడం మన చేతుల్లో లేదు. ఈసారి వచ్చినప్పుడు వాళ్లు ఏరుకోవడానికి మన బడుల నుంచి ఇరవై పేర్లు సిద్ధంగా ఉండటం మాత్రం పూర్తిగా మన చేతుల్లోనే ఉంది. ఆ పని వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుకావాలి.