మైదానం మునిగితే క్లబ్బు మునగాలా?

ఇంగ్లండ్‌లో వరద ముప్పు ఉన్న చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుల సొంత మైదానాలకు బీమా దొరకడం, దొరకకపోవడం అనే విషయాన్ని ఇంకా బీమా కంపెనీల లెక్కలకే వదిలేయడం తగదు. నదీతీరాల్లోని ఇళ్లకు చట్టం చేసి మరీ రక్షణ కల్పించిన బ్రిటిష్ ప్రభుత్వం, అదే తీరాల్లో శతాబ్దానికి పైగా నిలిచిన ఈ మైదానాలను ఆ రక్షణకు వెలుపల ఉంచడం అన్యాయం, అదూరదర్శిత్వం కూడా. స్కాట్లాండ్ సరిహద్దుకు దగ్గరగా, కంబ్రియా ప్రాంతంలో ఉన్న కార్లైల్ యునైటెడ్ క్లబ్బు పదకొండేళ్లలో రెండుసార్లు తన మైదానాన్ని వరదకు అప్పగించి, రెండుసార్లూ ఊరు విడిచి వెళ్లి ఆడవలసి వచ్చిన చరిత్రే ఇందుకు తిరుగులేని సాక్ష్యం.

ఆ క్లబ్బు 1904లో ఏర్పడింది. దాని మైదానమైన బ్రంటన్ పార్క్ 1909 నుంచి వార్విక్ రోడ్డు పక్కన అదే చోట ఉన్నది. కార్లైల్ మూడు నదుల నగరం. పెద్దదైన ఈడెన్‌లో కాల్డ్యూ, పెట్టెరిల్ అనే రెండు చిన్న నదులు నగరం దగ్గరే కలుస్తాయి. వీటిలో పెట్టెరిల్ మైదానానికి ఆనుకొనే ప్రవహిస్తుంది. ఈడెన్ నిండుగా పారుతున్నప్పుడు పెట్టెరిల్ నీటికి కలిసే దారి ఉండదు కాబట్టి అది వెనక్కి ఎగదన్ని, పల్లంలో ఉన్న వీధులనూ మైదానాన్నీ ముంచెత్తుతుంది. కృష్ణ నిండుగా ఉన్న రోజుల్లో బుడమేరు ఎగదన్నడం ఎరిగిన విజయవాడ వాసులకు ఈ ప్రక్రియను వేరే వివరించనక్కరలేదు. చిన్న నది తనంతట తాను చేసే నష్టం కంటే, పెద్ద నది దారి ఇవ్వనప్పుడు చేసే నష్టమే ఎక్కువ.

2005 జనవరి 8న వచ్చిన వరద కార్లైల్‌లో ముగ్గురి ప్రాణాలు తీసింది. దాదాపు రెండు వేల ఇళ్లు, దుకాణాలు నీట మునిగాయి, పోలీసు, అగ్నిమాపక కేంద్రాలూ తప్పించుకోలేదు. అప్పటికి క్లబ్బు ఫుట్‌బాల్ లీగ్ నుంచి, అంటే రెండో అంచె నుంచి నాలుగో అంచె దాకా ఉండే వృత్తి పోటీల నుంచి, అయిదో అంచెకు జారిపడి ఉన్నది. ఆదాయం కుదించుకుపోయిన ఆ దశలోనే మైదానం కూడా మునగడంతో సొంత ఊరి ఆటలను కొన్ని వారాల పాటు మోర్‌కాంబ్ పట్టణంలోని క్రైస్టీ పార్క్‌లో ఆడవలసి వచ్చింది. అయినా ఆ సీజను చివర ప్లేఆఫ్ ఫైనల్లో స్టీవెనేజ్‌ను 1-0తో ఓడించి లీగ్‌లోకి తిరిగి వచ్చింది. జట్టు పట్టుదలకు ఇది గొప్ప నిదర్శనమే గానీ, ఇలాంటి పట్టుదలను చూపించి ఆర్థిక రక్షణ అక్కరలేదని వాదించడం మాత్రం బాధితుడి ధైర్యాన్ని అతడి పరిహారం నుంచి మినహాయించడమే అవుతుంది.

ఆ వరద తర్వాత సుమారు 3 కోట్ల 80 లక్షల పౌండ్ల ఖర్చుతో కట్టిన రక్షణ గోడలు, కరకట్టలు 2010 నాటికి పూర్తయ్యాయి. వాటిని రెండు వందల ఏళ్లకు ఒకసారి వచ్చే స్థాయి వరదను తట్టుకునేలా రూపొందించారు. ఈ పదబంధం జనాన్ని ఎప్పుడూ తప్పుదారి పట్టిస్తుంది: ఒకసారి వచ్చిన వరద మళ్లీ రెండు శతాబ్దాల దాకా రాదని దీని అర్థం కాదు, ఏ ఏడాదిలోనైనా అలాంటి వరద వచ్చే అవకాశం అరశాతం ఉన్నదని మాత్రమే అర్థం, ఆ లెక్కన ముప్పయి ఏళ్ల కాలంలో కనీసం ఒక్కసారైనా అది వచ్చే అవకాశం పద్నాలుగు శాతం అవుతుంది. వాతావరణం మారుతున్న కొద్దీ ఆ అరశాతం అనే అంకె కూడా నిలకడగా ఉండదు. 2015 డిసెంబరు 5న డెస్మండ్ తుపాను తాకినప్పుడు కంబ్రియా కొండల్లోని హానిస్టర్ కనుమ వద్ద ఇరవై నాలుగు గంటల్లో 341.4 మిల్లీమీటర్ల వర్షం నమోదై బ్రిటన్ రికార్డులను తిరగరాసింది. అనంతపురం జిల్లాలో ఏడాది పొడుగునా కురిసే సగటు వానలో సగానికి మించినది అక్కడ ఒక్క రోజులో కురిసింది. కార్లైల్‌లో నీటిమట్టం 2005 నాటి కంటే దాదాపు అరవై సెంటీమీటర్లు పైకి చేరి, కట్టి కొన్నేళ్లే అయిన గోడల మీదుగా పొర్లింది. బ్రంటన్ పార్క్ గోల్‌పోస్టులు చాలావరకు మునిగిపోయాయి.

మరునాడే ఆ జట్టు లండన్ శివార్లలోని వెల్లింగ్‌లో ఎఫ్‌ఏ కప్ ఆట ఆడి 5-0తో గెలిచింది. తిరిగివచ్చిన ఆటగాళ్లు వార్విక్ రోడ్డు చుట్టుపక్కల ఇళ్లలోకి వెళ్లి, తడిసి పాడైన తివాచీలను, సామాన్లను బయటికి మోయడంలో సాయపడ్డారు. ఊరికీ క్లబ్బుకూ ఉన్న సంబంధం ప్రేక్షకుడికీ వినోదానికీ ఉండే సంబంధం కాదని, ఒకే నీటిలో మునిగిన ఇరుగుపొరుగుల సంబంధమని ఆ రోజులు తేటతెల్లం చేశాయి. ఆ తర్వాతి వారాల్లో క్లబ్బు తన సొంత ఊరి ఆటలను ప్రెస్టన్, బ్లాక్‌బర్న్, బ్లాక్‌పూల్ నగరాల మైదానాల్లో ఆడింది. వాటిలో అన్నిటికంటే దగ్గరిదనదగ్గ ప్రెస్టన్ కూడా కార్లైల్‌కు దాదాపు నూట నలభై కిలోమీటర్ల దూరం.

ఒక చిన్న క్లబ్బుకు ఇంటి ఆట అంటే టికెట్టు ఒక్కటే కాదు. ఆట రోజున అమ్ముడయ్యే తినుబండారాలు, పానీయాలు, గ్యాలరీ అద్దెలు, మైదానం చుట్టూ పెట్టే ప్రకటనలు, మిగతా రోజుల్లో విందులకూ సమావేశాలకూ హాళ్లు ఇచ్చి రాబట్టే సొమ్ము, అన్నీ కలిసి దాని జీతాల పట్టికను నడుపుతాయి. పెద్ద క్లబ్బులకు టెలివిజన్ హక్కుల సొమ్ము ప్రధాన ఆధారమైతే, కింది అంచెల క్లబ్బులకు గేటు దగ్గర వసూలయ్యే డబ్బే ఊపిరి. మైదానం మునిగిన రోజు నుంచి ఈ రాబడి ఆగిపోతుంది, జీతాలు మాత్రం ఆగవు. పైగా పరాయి మైదానం ఖర్చు, ప్రయాణాల ఖర్చు, అంత దూరం రాలేని సీజన్ టికెట్టుదారులకు సర్దుబాటు చేయవలసిన మొత్తం అదనంగా పడతాయి. ఇలా వ్యాపారం నిలిచిపోయిన కాలానికి రాబడిని భర్తీ చేసేదాన్ని వ్యాపార అంతరాయ బీమా అంటారు. భవనాల నష్టానికి చేసే బీమా కంటే ఇది సాధారణంగా వేరుగా ఉంటుంది, వరద ముప్పు ఉన్న చోట దొరకడం మరింత కష్టం.

గడ్డి సంగతి వేరే చెప్పుకోవాలి, ఎందుకంటే నీరు తీసేస్తే మైదానం సిద్ధమవుతుందన్న భ్రమ చాలామందికి ఉన్నది. వృత్తి స్థాయి ఆటకు వాడే మైదానం కింద ఇసుక పాలు ఎక్కువగా ఉన్న వేళ్లపొర ఉంటుంది. వాన నీరు త్వరగా ఇంకిపోవడానికి, వేళ్లకు గాలి అందడానికి ఆ ఇసుకే ఆధారం. వరద నీరు నిలిచినప్పుడు వేళ్లకు ప్రాణవాయువు అందక గడ్డి చచ్చిపోతుంది, సన్నని ఒండ్రు ఇసుక రేణువుల మధ్య దూరి నీరు ఇంకే దారులను మూసేస్తుంది, మురుగు, నూనెలు కలిసి నేల ఆటగాళ్లకు ప్రమాదకరమవుతుంది. అందుకే పైపొరను గీకి తీసి మొత్తం మళ్లీ పరవవలసి వస్తుంది. 2016 జనవరి 31న ఎవర్టన్‌తో ఎఫ్‌ఏ కప్ ఆటను బ్రంటన్ పార్క్‌లోనే ఆడగలిగారంటే, రెండు నెలలైనా గడవకముందే కొత్త నేల పరిచి నిలబెట్టిన సిబ్బంది శ్రమ ఎంతటిదో ఊహించవచ్చు. ఆట 0-3తో ఓడినా, సొంత ఊళ్లో జరిగింది.

అసలు సమస్య ఇక్కడినుంచే మొదలవుతుంది. రెండుసార్లు మునిగిన చిరునామాకు వరద బీమా అడిగితే కంపెనీలు సాధారణంగా చేసేవి మూడే: ప్రీమియం పెంచడం, నష్టంలో పాలసీదారే ముందుగా భరించవలసిన వాటాను భారీగా పెంచడం, లేదా వరదను పాలసీ నుంచి పూర్తిగా మినహాయించడం. ఇదే చిక్కు ఇళ్ల యజమానులకు ఎదురైనప్పుడు బ్రిటన్ 2014 నాటి జల చట్టం ద్వారా ఫ్లడ్ రీ అనే వ్యవస్థను ఏర్పాటు చేసి 2016 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చింది. ఇది పునర్బీమా, అంటే బీమా కంపెనీల నష్టభయాన్ని మళ్లీ బీమా చేసే ఏర్పాటు: ఇళ్ల బీమా అమ్మే కంపెనీలన్నీ ఏటా కొంత సొమ్ము చెల్లిస్తాయి, ముప్పు ఎక్కువగా ఉన్న ఇళ్ల వరద భాగాన్ని ఈ ఉమ్మడి నిధికి అప్పగిస్తాయి, దానివల్ల నదీతీరంలోని ఇంటికీ భరించగల ధరకు బీమా దొరుకుతుంది. 2009 జనవరి 1 నుంచి కట్టిన ఇళ్లకు ఇది వర్తించదు, ఎందుకంటే ముప్పు తెలిసీ పల్లంలో కొత్తగా కట్టేవారిని ప్రోత్సహించకూడదన్నది ఉద్దేశం. వ్యాపార ఆస్తులకు ఇది ఏ సంవత్సరానివైనా వర్తించదు. కాబట్టి వార్విక్ రోడ్డులో ఒకే వరదకు మునిగిన ఇంటికి రక్షణ ఉన్నది, ఆ ఇంటి కుటుంబం మూడు తరాలుగా శనివారాలు గడిపిన మైదానానికి లేదు.

దీనికి చెప్పే సమాధానాల్లో మొదటిది, ఫుట్‌బాల్ క్లబ్బు ఒక వ్యాపారం, దాని భారం గృహస్థుల ప్రీమియం మీద ఎందుకు పడాలన్నది. ఇది న్యాయమైన ప్రశ్నే, అందుకే గృహస్థుల నిధిని ముట్టుకోనక్కరలేదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ స్వదేశీ ప్రసార హక్కుల ఒప్పందం 2025-26 నుంచి నాలుగు సీజన్లకు 670 కోట్ల పౌండ్లు. అంటే ఏటా దాదాపు 167 కోట్లు. అందులో అరశాతం పక్కన పెట్టినా ఏటా 83 లక్షల పౌండ్లకు పైగా చేకూరుతుంది. ఫ్లడ్ రీ నిర్వహణ నైపుణ్యాన్ని వాడుకుంటూ, ఫుట్‌బాల్ సొమ్ముతోనే నడిచే ప్రత్యేక ఖాతాను అందులో ఏర్పరచడం సాధ్యమే. శిఖరాన ఉన్న ఆటగాళ్లలో ఎందరో కింది అంచెల మైదానాల్లో ఆట నేర్చుకొని పైకి వచ్చినవారే కాబట్టి ఇది దానం కాదు, బాకీ.

రెండో సమాధానం, క్లబ్బు అక్కడినుంచి లేచిపోవచ్చు కదా అన్నది. 2011లో నగర శివారులోని కింగ్‌మూర్ వైపు కొత్త స్టేడియం కట్టే ప్రతిపాదన వచ్చి ఆచరణలోకి రాకుండానే ఆగిపోయింది. కింది అంచెల క్లబ్బుకు కొత్త స్టేడియం అంటే దశాబ్దాల అప్పు. అంతకు మించి, నది ఒడ్డు పల్లంలో ఏదైనా ఉండదగినది ఉంటే అది గడ్డి మైదానమే. నూట అయిదు మీటర్ల పొడవు, అరవై ఎనిమిది మీటర్ల వెడల్పు గల మైదానంలో రెండు మీటర్ల నీరు నిలిస్తే పద్నాలుగు వేల ఘనపు మీటర్లు. నగరాన్ని కాపాడేంత నీరు కాదు అది, ఆ మాట దాచనక్కరలేదు. కానీ క్లబ్బు ఖాళీ చేసిన స్థలంలో ఇళ్లు లేచి, నేల కాంక్రీటుతో కప్పుకుపోతే, మునిగే గడ్డికి బదులు మునిగే పడకగదులు వస్తాయి.

మూడోది బరువైనది: బీమా దొరుకుతుందన్న ధీమాతో జాగ్రత్తలు మానేస్తారన్న భయం, దీన్నే అర్థశాస్త్రంలో నైతిక ప్రమాదం అంటారు. అందుకే రక్షణ షరతులతోనే ఉండాలి. విద్యుత్ పరికరాలను, బాయిలర్లను పై అంతస్తుకు మార్చిన, నీటికి చెడని గోడలు, నేలలు వేసుకున్న, ముందస్తు హెచ్చరిక రాగానే సామగ్రిని తరలించే ప్రణాళిక చూపిన క్లబ్బులకే తక్కువ ప్రీమియం దక్కాలి, కొత్తగా పల్లంలో కట్టే స్టేడియాలకు ఏ రక్షణా ఉండకూడదు.

ఇది ఒక్క కార్లైల్ సమస్య కాదు. యార్క్‌షైర్‌లో వార్ఫ్ నది ఒడ్డున ఉన్న టాడ్‌కాస్టర్ ఆల్బియన్ మైదానం పదేపదే మునుగుతున్నది. సెవర్న్ నది పక్కన ఉన్న వూస్టర్‌షైర్ క్రికెట్ మైదానం న్యూ రోడ్ కూడా తరచూ మునుగుతుందని క్రికెట్ అభిమానులకు తెలిసినదే. 2020లో వెలువడిన ఒక అధ్యయనం, ఇంగ్లండ్ మొదటి నాలుగు అంచెల 92 క్లబ్బుల్లో 23 క్లబ్బుల స్టేడియాలు 2050 నాటికి ఏటా పూర్తిగానో పాక్షికంగానో వరదకు గురయ్యే ప్రమాదం ఉన్నదని అంచనా వేసింది. 2019లో అప్పుల ఊబిలో చిక్కి లీగ్ నుంచి బహిష్కృతమైన బరీ క్లబ్బు, ఒక ఊరు తన జట్టును పోగొట్టుకుంటే ఏం మిగులుతుందో చూపింది. అక్కడ కారణం నిర్వహణ లోపం. వరద విషయంలో ఆ నింద మోపడానికి కూడా ఎవరూ ఉండరు.

2025లో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ పాలన చట్టం స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పరచి, మొదటి అయిదు అంచెల క్లబ్బుల ఆర్థిక స్థితిని పరిశీలించే అధికారాన్ని, సొంత మైదానాల అమ్మకాన్ని, తరలింపును అడ్డుకునే అధికారాన్ని దానికి ఇచ్చింది. 2025లో మళ్లీ అయిదో అంచెకు పడిపోయిన కార్లైల్ కూడా ఈ పరిధిలోనే ఉన్నది. మైదానాన్ని అమ్మనివ్వని చట్టం, ఆ మైదానం మునిగినప్పుడు ఏం చేయాలో చెప్పకపోతే అది సగం చట్టమే. క్లబ్బుల ఆర్థిక ప్రణాళికల్లో వరద నష్టభయాన్ని తప్పనిసరి అంశంగా చేర్చాలని ఆ సంస్థ ఆదేశించాలి. ఉమ్మడి నిధికి ప్రీమియర్ లీగ్ తన వాటా ఇవ్వాలి. ఫ్లడ్ రీ పరిధిని విస్తరించే సవరణను బ్రిటిష్ పార్లమెంటు చేపట్టాలి. ఫ్లడ్ రీకి చట్టం ఇచ్చిన గడువు 2039 వరకే. ఆ సవరణకు ఉన్న కాలం కూడా అంతే, పెట్టెరిల్ మాత్రం ఆ గడువు చూసుకొని పొంగదు.