సినిమా ప్రశ్నలు – సాక్ష్యము లేని సమాధానములు

తెలుగు దేశమున నలుగురు సినిమాప్రియులు ఒకచోట కూడినచో ప్రశ్నోత్తరములు ఆరంభమగుట అందరు నెరిగినదే. మాయాబజారులో ఘటోత్కచుని విందుపాట పాడినదెవరని ఒకరడుగుదురు. ఘంటసాల యని ఒకరు, కాదు మాధవపెద్ది సత్యమని మరియొకరు. అటుపైన పందెములు, పట్టుదలలు, కాఫీలు. ఈ వేడుకను చూచి పెద్దలు కొందరు పెదవి విరుచుచున్నారు. పనిలేనివారి ప్రసంగమని ఈసడించుచున్నారు. ఈ యీసడింపుతో మేమేకీభవింపజాలము. అయినను ఈ ప్రశ్నోత్తరములు నేడు నడచుచున్న తీరును సమర్థించుటకును మాకు మనసొప్పుట లేదు.

ఒక జాతి చరిత్ర రాజుల పట్టాభిషేకములతోను, యుద్ధములతోను ముగియదు. ఆ జాతి ఏ పాటకు తలయూచినది, ఏ కథకు కంటతడి పెట్టినది, ఏ మాటకు ఉలికిపడినది అనునవియు చరిత్రయే. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు మాలపిల్లను తెరకెక్కించి అస్పృశ్యతను నిలదీసిరి. మరుసటి యేట రైతుబిడ్డను తీసి జమీందారీ పెత్తనమును ఎదిరించిరి. మాలపిల్లకు కథ నిచ్చినదెవరని ఒక బాలుడడిగి, చలముగారని సమాధానము పొందెనేని, ఆ చిన్న సమాధానము వెంట ఆనాటి సంఘమంతయు వాని యెదుట వచ్చి నిలుచును. కావున ప్రశ్న అల్పమైనది కాదు. అల్పమని చూచువారి దృష్టియే అల్పమైనది.

మా ఆక్షేపణ ప్రశ్నపై కాదు, సమాధానముపై. ఎవరో చెప్పగా వింటిననువాని మాటను న్యాయస్థానము సాధారణముగా చెవిని బెట్టదు. కన్నులార చూచినవాడు బోనెక్కవలెను. లేదా దస్తావేజు దాఖలు కావలెను. మన సినిమా గోష్ఠులలోనో, గొంతు పెద్దదియైనవాడే సాక్షి. పదిమంది ఔనన్నదే తీర్పు. ఒకడన్న మాటను తొమ్మండుగురు వల్లించినచో సాక్షులు పదుగురగుదురా? సాక్షి ఒక్కడే, మిగిలినవారు ప్రతిధ్వనులు. ఆ ఒక్కడును పొరబడినవాడైనచో, పదిమంది నోట పలికినంతమాత్రమున పొరపాటు నిజము కాజాలదు.

దీనివలన కలిగిన నష్టము మా యూహ కాదు. తెలుగున మొదటి సంపూర్ణ టాకీ హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన భక్తప్రహ్లాద. ఇది 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయ్యెనని దశాబ్దములపాటు పుస్తకములు వ్రాసినవి, సభలు చాటినవి, ఆ దినముననే తెలుగు సినిమాకు పుట్టినరోజు పండుగలు జరిగినవి. తుదకు శ్రద్ధాళువులు పాతపత్రికలను, పాతపద్దులను తిరుగవేయగా తేలినదేమి? ఆ చిత్రమునకు బొంబాయి సెన్సారువారి అనుమతి లభించినదే 1932 జనవరి 22వ తేదీన; బొంబాయిలో ప్రదర్శన మారంభమైనది 1932 ఫిబ్రవరి 6వ తేదీన. అనుమతిపత్రము పుట్టుటకు నాలుగు మాసములు ముందుగనే చిత్రమునకు పుట్టినరోజు నిర్ణయించిన ఘనత మనది!

ఇందు మనము సిగ్గుపడవలసిన విషయము మరియొకటి గలదు. ఆ సెన్సారు పద్దు మనపై ప్రేమచే వ్రాసినది కాదు. మన నోట ఏ మాట వెలువడునో, మన తెరపై ఏ భావము మెరయునో యని శంకించిన పరప్రభుత్వము మనలను కట్టడి సేయుటకు వ్రాసికొనినది. అధికారముకొరకు వారు దాచిన కాగితము నేడు మన చరిత్రకు ఆధారమైనది. అభిమానముచే మనము దాచినదేమి? దక్షిణాదిని సినిమాకు ప్రాణము పోసిన రఘుపతి వెంకయ్యగారి పేర 1980లో బహుమానము నేర్పరచుకొంటిమి. వారి కుమారుడు ప్రకాశ్ తీసిన మూకీ చిత్రము భీష్మప్రతిజ్ఞను మాత్రము నిలుపుకొనలేకపోతిమి. పేరు నిలిపితిమి, పని పోగొట్టితిమి.

సమాధానమునకు ముందు ప్రశ్నను సరిగా నిర్ణయించుటయు ముఖ్యమే. వివాదాంశము తేలనిదే వ్యాజ్యము సాగదు. లవకుశకు దర్శకుడెవరన్నచో, ఏ లవకుశ? 1934 నాటిది సి. పుల్లయ్యగారిది, 1963 నాటిది పుల్లయ్యగారు మొదలిడగా కుమారుడు సి. ఎస్. రావుగారు పూర్తిచేసినది. తెరపై తొలి తెలుగుమాట ఏ చిత్రమున వినబడెనన్నచో అదొక ప్రశ్న. తొలి సంపూర్ణ తెలుగు చిత్రమేదన్నచో అది వేరు ప్రశ్న. ఏలయన 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలయిన కాళిదాసున తమిళముతోపాటు తెలుగు మాటలును వినబడినవి. ఈ రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపి కలహించు మిత్రులు ఉభయులును సత్యమే పలుకుచు, ఉభయులును ఓడిపోవుచున్నారు.

వదంతి యెంత సులభముగ చరిత్ర వేషము వేయునో చూడుడు. 2003 జనవరిలో పూనాలో అగ్నిప్రమాదము జరిగి పాత నైట్రేటు ఫిల్ములెన్నియో దగ్ధమయినవి. వెంటనే మన దేశపు తొలి టాకీ ఆలంఆరా తుదిప్రతి ఆ మంటలోనే పోయెనన్న మాట దేశమెల్ల ప్రాకినది. జాతీయ చలనచిత్ర భాండాగారమును తీర్చిదిద్దిన పి. కె. నాయరుగారు దానిని ఖండించి, ఆ చిత్రము అంతకు ఎంతోకాలము ముందే నశించినదని తెలిపిరి. అయినను వదంతి చావలేదు. కారణము స్పష్టము. అగ్నిప్రమాదము చెప్పుకొనుటకు మంచి కథ. మన అశ్రద్ధవలన ఏనాడో పోయెనన్నది తలవంపులైన నిజము.

వినోదమునకు ఇంత విచారణ యెందులకు, సాయంకాలపు ముచ్చటలో కోర్టు తీరు తగునా యని మిత్రులు ఆక్షేపింపవచ్చును. పందెపుటాటయైనను తప్పుపావు వేసినవానిని మన్నింపదు గదా! నాటి నటులు, గాయకులు, యంత్రకారులు చాలమంది గతించిరి. చిత్రములు పెక్కు మాసిపోయినవి. వారిని గూర్చిన వాస్తవము నిలువదగిన తావులలో ఈ ప్రశ్నోత్తరముల గోష్ఠి యొకటి. అందును అసత్యము పాదుకొనెనేని వారికి రెండవ మరణము తప్పదు. మాధవపెద్దివారి గొంతును ఘంటసాలవారి ఖాతాలో వ్రాయుట వినోదము కాదు. ఒకరి కష్టార్జితమును వేరొకరి పరము చేయుట. ఇక తమ అభిమాన నటుని చిత్రము ఆడిన దినములను పెంచి, ఎదుటివాని చిత్రపు దినములను త్రుంచి చెప్పువారిని గూర్చి ఏమందుము? దొంగలెక్కతో గెలిపించినది అభిమానము కాదు, నటునికే అవమానము.

కావున పఠనమందిరములలో కూడు మిత్రులకు మా విజ్ఞప్తి యిది. ప్రశ్నలు మానకుడు, ఇంకను అడుగుడు. సమాధానము చెప్పునపుడు ఏ పత్రిక, ఏ తేదీ, ఏ పాటలపుస్తకము అన్నది కూడ చెప్పుడు. చూచినదానిని చూచితిమనియు, విన్నదానిని వింటిమనియు వేరుపరచి పలుకుడు. తెలియనిచో తెలియదనుటకు వెనుదీయకుడు. ఇంట అటకపై నున్న పాటలపుస్తకమును, సినిమా కరపత్రమును చిత్తుకాగితములవానికి తూచి యమ్మకుడు, గ్రంథాలయమునకు చేర్చుడు. 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనము వంటి సంస్థలు పాతపత్రికలను కాపాడినందుననే నేడు మనకు తిరుగవేయుటకు పుటలైనను మిగిలినవి. ఉభయ తెలుగు ప్రభుత్వములును, చిత్రనిర్మాతలును బిరుదు సభలకు చూపు ఉత్సాహములో కొంత ప్రతి చిత్రపు ప్రతిని, పత్రములను భద్రపరచుటకు మరల్చవలెను.

తన తొలిపలుకు ఏనాడు వెలువడెనో తానెరుగని భాష పరులయెదుట గొప్పలు చెప్పుకొనుట యెట్లు? సరియైన తేదీ ఒక్కటి నిలబెట్టుటయు భాషాసేవయే. అది మన చేతిలోని పని. చేయుదము.