మన విలువలు జమాఖర్చుల పుస్తకంలో కనిపిస్తాయి

జీవితంలో అన్నిటికంటె విలువైనది ఏమిటని ఎవరినైనా అడిగి చూడండి. ఆరోగ్యమనో, కుటుంబమనో, నిజాయితీ అనో, పదిమందికి ఉపయోగపడటమనో సమాధానం వస్తుంది. అలా చెప్పేవారు అబద్ధమాడుతున్నారని నేను అనను, మనస్ఫూర్తిగానే చెబుతారు. అయితే రోగి చెప్పినది శ్రద్ధగా విన్న తరువాత కూడా వైద్యుడు నాడి చూస్తాడు, బీపీ కొలుస్తాడు, అవసరమైతే రక్తపరీక్ష చేయిస్తాడు. నోటితో చెప్పలేని సంగతులను శరీరం చెబుతుంది గనుక ఆ పరీక్షలు అవసరమవుతాయి. విలువల విషయంలోనూ అటువంటి పరీక్షలు రెండు ఉన్నాయి. నిన్నటి 24 గంటలు ఎలా గడిచాయన్నది మొదటిది. గత నెల చేతికి వచ్చిన డబ్బు ఎక్కడికి పోయిందన్నది రెండవది.

1888లో న్యాయశాస్త్రం చదవడానికి లండను వెళ్ళిన గాంధీజీ, అక్కడ తాను పెట్టే ప్రతి చిన్న ఖర్చునూ రాసుకునేవారు. బస్సు చార్జీలు, తపాలా ఖర్చులు, వార్తాపత్రికకు ఇచ్చిన చిల్లర కూడా పద్దులోకి ఎక్కేవి. రాత్రి పడుకునే ముందు లెక్క సరిచూసుకునేవారు. ఖర్చు తగ్గించుకోవాలని నిశ్చయించుకున్నప్పుడు, తాను వెళ్ళవలసిన చోటికి అరగంటలో నడిచి చేరగల దూరంలో గదులు తీసుకున్నారు. దానితో బండి చార్జీలు మిగిలాయి, రోజుకు ఎనిమిది పది మైళ్ళ నడక అలవాటైంది. ఇంగ్లండులో ఉన్నంతకాలం ఇంచుమించు ఏ జబ్బూ లేకుండా ఉండటానికి ఆ నడకే ముఖ్యకారణమని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. లెక్క చూసుకునే అలవాటు ఆ విధంగా ఆరోగ్యానికి కూడా దారి చూపింది.

ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన సంవత్సరాలన్నిటిలోనూ నేను ఎక్కువసార్లు విన్న మాటలు రెండు: "టైము లేదండీ", "డబ్బులు లేవండీ". ఈ మాటలు అక్షరాలా నిజమైన కుటుంబాలు మన రాష్ట్రాలలో లక్షల్లో ఉన్నాయి. ఆసుపత్రిలో చీటీ కోసం వరుసలో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది. అటువంటివారికి విలువల గురించి ఉపన్యాసం చెప్పే హక్కు నాకుగాని మరెవరికిగాని లేదు. వారి సమయం వృథా కాకుండా చూడవలసిన బాధ్యత వ్యవస్థది. ఈ వ్యాసం వారి కోసం రాస్తున్నది కాదు. చేతిలో కొంత డబ్బు, రోజులో కొంత తీరిక ఉండి కూడా అవే రెండు మాటలు చెప్పే మనవంటివారి కోసం రాస్తున్నాను.

ముందుగా డబ్బు సంగతి చూద్దాం. నీరసంగా ఉన్నదని గ్లూకోజు సీసా ఎక్కించమని కోరేవారు నేటికీ ఎందరో ఉన్నారు. మామూలుగా ఎక్కించే 5 శాతం గ్లూకోజు అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. దానివల్ల వచ్చే శక్తి సుమారు 100 కేలరీలు, అంటే దాదాపు ఒక అరటిపండుతో సమానం. వాంతులు, విరేచనాలతో నీరు కోల్పోయినవారికి, నోటితో ఏమీ తీసుకోలేనివారికి, శస్త్రచికిత్స జరిగినవారికి సెలైను ప్రాణాధారమే. నడిచి వచ్చి, కాఫీ తాగి, సీసా పెట్టించుకుని వెళ్ళేవారికి మాత్రం అది ఖరీదైన అరటిపండు. ఆ ఖర్చుకు వెనుకాడని మనిషే, "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని బీపీ మాత్రలు మానేస్తాడు. బీపీ అదుపులో ఉండి బాగున్నది ఆ మాత్ర వల్లనే అన్నది మరచిపోతాడు. అదుపులేని రక్తపోటు ఏ నొప్పీ చూపకుండా ఏళ్ళ తరబడి రక్తనాళాలను దెబ్బతీసి, ఒకనాడు పక్షవాతంగానో, మూత్రపిండాల వైఫల్యంగానో బయటపడుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో బీపీ, షుగరు మందులు ఉచితంగా ఇస్తారు. కాబట్టి ఇక్కడ కొరత డబ్బుది కాదు. కంటికి కనిపించే వైద్యానికి మనం ఇచ్చే విలువ, కనిపించని రక్షణకు ఇవ్వకపోవడమే అసలు చిక్కు.

ఇంటి ఖర్చులలోనూ ఇదే వరస కనిపిస్తుంది. రోజుకు 50 రూపాయలు సిగరెట్లకు పోతే ఏడాదికి 18,250 రూపాయలు. ఆ మొత్తాన్ని ఎవరూ ఒక్కసారిగా చూడరు గనుక ఎవరికీ బాధ కలగదు. ఇంట్లో శుభకార్యానికి అప్పు చేసి వందలమందికి భోజనాలు పెట్టే కుటుంబంలోనే, అమ్మగారి కంటిశుక్లం ఆపరేషను "వచ్చే ఏడు చూద్దాం" అని వాయిదా పడుతుంది. శుక్లం ఆపరేషను ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా చేస్తారు. అది ఎక్కువసేపు పట్టే ఆపరేషను కూడా కాదు. అక్కడ లేనిది డబ్బు కాదు, ఆవిడను వెంటబెట్టుకుని వెళ్ళి రావడానికి ఒక మనిషి, రెండు మూడు రోజులు. చూపు మందగించిన ముసలావిడ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగితే మాత్రం అందరికీ సెలవులు దొరుకుతాయి, లక్షలు కూడా సమకూరుతాయి. ముందుగా మూడు రోజులు ఇచ్చి ఉంటే ఆ అవసరం రాకపోయేదేమో.

ఇక సమయం. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకవంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది. వారానికి ఉన్నవి 10,080 నిమిషాలు. అంటే అడుగుతున్నది మన కాలంలో నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే. ఆ కాస్త కూడా దొరకదని చెప్పే ముందు, నిన్న ఫోను తెర మీద ఎంతసేపు గడిపారో ఆ ఫోనునే అడగండి. చాలా ఫోన్లు ఆ లెక్క చూపిస్తాయి. నడకకు లేని గంట అక్కడ దొరకవచ్చును. అర్ధరాత్రి దాకా తెర చూసి కోల్పోయిన నిద్ర కూడా అక్కడే కనిపిస్తుంది.

విదేశాలలోనో, మహానగరాలలోనో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులకు నెలనెలా తప్పక డబ్బు పంపుతున్నారు. అది చిన్న విషయం కాదు, వారి ప్రేమను శంకించను. కాని వృద్ధులకు డబ్బు ఒక్కటే చాలదు. నలుగురు వైద్యులు రాసిన నాలుగు చీటీలలో ఒకే మందు రెండు పేర్లతో ఉండటం, పెద్దవారు రెండూ వేసుకోవడం మా వృత్తిలో కొత్త సంగతి కాదు. వారానికి ఒకసారి వీడియోకాల్‌లో "అమ్మా, మందుల డబ్బా ఇలా చూపించు, ఏది ఎప్పుడు వేసుకుంటున్నావు?" అని పావుగంట అడిగి, సందేహం వస్తే వైద్యునికి చూపించే ఏర్పాటు చేసిన బిడ్డ, పంపిన డబ్బుకంటె ఎక్కువ మేలు చేసినట్లే.

వైద్యులమైన మాకు కూడా ఈ పరీక్ష వర్తిస్తుంది. వైద్యుల వృత్తి ప్రవర్తనకు 2002లో నిబంధనలు వచ్చాయి. మందులను జెనెరిక్ పేర్లతో రాయాలని వాటిలో ఉన్నది. మందుల కంపెనీల నుంచి కానుకలు పుచ్చుకోరాదని 2009లో మరింత స్పష్టంగా చేర్చారు. ఏ వైద్యుడు దేనిని విలువైనదిగా భావిస్తాడో గోడకు తగిలించిన సూక్తులు చెప్పవు. రోగి మాట పూర్తయ్యేదాకా వినడానికి ఎన్ని నిమిషాలు ఇచ్చాడో, ఏ మందు ఎందుకు రాశాడో అవి చెబుతాయి.

"ఇలా ప్రతి రూపాయికీ, ప్రతి నిమిషానికీ లెక్క కడితే బతుకులో సంతోషం ఏముంటుంది?" అని మీరు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. నేను పిసినారితనాన్ని సమర్థించడం లేదు. బంధువులతో కలిసి భోంచేయడం, సినిమాకు వెళ్ళడం, మనుమడికి బొమ్మ కొనడం కూడా విలువైన ఖర్చులే. మనం కోరి చేసిన ఖర్చుకు, అలవాటుగానో నలుగురి కోసమో జారిపోయిన ఖర్చుకు తేడా తెలుసుకోవాలన్నదే నా మనవి. పదిమందికి మేలు చేయాలన్న కోరిక విషయంలోనూ అంతే. ఆరోగ్యవంతుడైన పురుషుడు మూడు నెలలకొకసారి, స్త్రీ నాలుగు నెలలకొకసారి రక్తదానం చేయవచ్చును. పైసా ఖర్చు లేదు. పోయేది ఒక గంట.

ఒక వారంపాటు చిన్న నోటుపుస్తకంలో రెండు గడులు గీసి, ఒకదానిలో సమయం, రెండవదానిలో డబ్బు రాయండి. ఎవరికీ చూపించనవసరం లేదు. మిమ్మల్ని మీరు నిందించుకోనూ వద్దు. మొదటి పేజీలో మాత్రం మీకు ముఖ్యమైనవని మీరు నమ్మే మూడు విషయాలు ముందే రాసిపెట్టుకోండి. వారం గడిచాక ఆ మూడింటికి ఎంత దక్కిందో చూడండి. ఏదైనా ఒకదానికి సున్నా వచ్చి ఉంటే, మరుసటి వారంలో దానికి అరగంటో, వంద రూపాయలో ముందుగా తీసి పక్కన పెట్టండి. మిగిలినవి దాని తరువాత సర్దుకుంటాయి. బీపీ మాత్రలు మానేసినవారు మాత్రం వారం గడిచేదాకా ఆగకుండా, రేపు ఉదయమే దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి బీపీ చూపించుకోండి.